నైతిక ఆధిక్య భావన, కపటత్వం: మార్మన్ సమాజాన్ని వీడినవారి దృష్టిలో

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత, ఒక మత సమాజంలో 'మేము ఇతరులకంటే మంచివాళ్ళం' అనే భావన ఎలా ఏర్పడుతుందో మీరు వివరించగలగాలి. ఒక మనిషి తెలిసి చేసే మోసానికీ, వ్యవస్థ తనంతట తానే పుట్టించే కపటత్వానికీ ఉన్న తేడాను ఉదాహరణలతో చెప్పగలగాలి. సమాజాన్ని వీడి బయటికి వచ్చినవారి సాక్ష్యాన్ని ఏ జాగ్రత్తలతో స్వీకరించాలో కూడా తెలుసుకుంటారు.

1. పరిచయం

అమెరికా పశ్చిమ భాగంలో ఉటా అనే రాష్ట్రం ఉంది. దాని రాజధాని సాల్ట్ లేక్ సిటీ. 1847లో బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో అక్కడికి వలస వెళ్ళి స్థిరపడినవారు మార్మన్లు. అంతకు 17 ఏళ్ళ ముందు, 1830 ఏప్రిల్ 6న, న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే యువకుడు వారి సంఘాన్ని స్థాపించాడు. దాని అధికారిక నామం యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం. బైబిలుతోపాటు 'మార్మన్ గ్రంథం' కూడా వారికి పవిత్రమైనదే. వాడుక పేరు అందులోంచి వచ్చింది. ఆ పేరు వాడవద్దని సంఘ నాయకత్వం 2018 నుంచి గట్టిగా కోరుతోంది. సమాజశాస్త్ర రచనల్లో స్థిరపడిన పదం కనుక, ఏ చిన్నచూపూ లేకుండా, ఈ పాఠంలో దాన్నే వాడుతున్నాం. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద ఈ సంఘం లెక్కల్లో 1 కోటి 70 లక్షలకు పైగా సభ్యులున్నారు.

మార్మన్లకు ఇరుగుపొరుగువారిలో మంచి పేరు ఉంది. తాగరు, పొగ తాగరు, కష్టపడి పనిచేస్తారు, కుటుంబాన్ని ప్రేమగా చూసుకుంటారు, ఎవరింట్లో కష్టం వచ్చినా పదిమంది వచ్చి నిలబడతారు. ఈ పేరులో చాలావరకు నిజముంది. అయితే ఈ సమాజంలో పుట్టి పెరిగి తరవాత బయటికి వచ్చినవారు ఇంకొక మాట కూడా చెబుతారు. ఆ మంచితనం వెనక ఎప్పుడూ ఒక తూకం ఉండేదని, పక్కవాడు ఎంత తూగుతాడో చూసే అలవాటు ఉండేదని, తాము మాత్రం నిండుగా తూగుతున్నట్టు కనిపించాల్సి వచ్చేదని వారి ఫిర్యాదు. 2014లో ప్యూ పరిశోధన సంస్థ జరిపిన సర్వే ప్రకారం, అమెరికాలో మార్మన్లుగా పెరిగినవారిలో 64 శాతం మంది మాత్రమే పెద్దయ్యాక కూడా తమను మార్మన్లుగా చెప్పుకున్నారు. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా బయటికి వచ్చారు. వారి మాటను నలుగురైదుగురు అసంతృప్తుల గొణుగుడుగా కొట్టిపారేయలేం.

ఇక్కడ రెండు పదాలను స్పష్టం చేసుకుందాం. తమ నడవడి ఇతరుల నడవడికంటే మేలైనదని, కనుక ఇతరులను తూచే అర్హత తమకుందని నమ్మడం నైతిక ఆధిక్య భావన. పైకి చూపే నీతికీ లోపలి నడతకూ పొంతన లేకపోవడం కపటత్వం. మొదటిది గర్వానికి, రెండోది అబద్ధానికి చెందినట్టు కనిపిస్తాయి కనుక వీటిని వేరువేరు దోషాలుగా చూస్తుంటాం. మార్మన్ ఉదాహరణను దగ్గరగా పరిశీలిస్తే రెండూ ఒకే ఏర్పాటులోంచి పుడుతున్నట్టు తెలుస్తుంది.

2. అర్హతను కొలిచే పద్ధతి

మార్మన్లకు రెండు రకాల ప్రార్థనా స్థలాలుంటాయి. ప్రతి ఆదివారం కలుసుకునే మందిరంలోకి ఎవరైనా వెళ్ళవచ్చు. ఆలయాలు వేరు. అక్కడ వివాహం వంటి అతి పవిత్రమైన కర్మలు జరుగుతాయి. లోపలికి వెళ్ళాలంటే 'ఆలయ సిఫారసు పత్రం' అనే చిన్న కార్డు చూపాలి. ఆ కార్డు కోసం రెండేళ్ళకొకసారి రెండు ముఖాముఖి సమావేశాలు జరుగుతాయి. మొదటిది స్థానిక వార్డు స్థాయిలో, సాధారణంగా బిషప్‌తో. రెండోది కొన్ని వార్డులు కలిసిన 'స్టేక్' స్థాయి నాయకుడితో. ఈ బిషప్ జీతం తీసుకునే పూజారి కాడు. పగలు దంతవైద్యుడో, బ్యాంకు ఉద్యోగో అయి ఉండి, కొన్నేళ్ళపాటు ఈ బాధ్యత మోసే పొరుగింటి మనిషే. ఈ విషయం గుర్తుంచుకోండి, ముందుముందు అవసరమవుతుంది.

ప్రశ్నలు అందరికీ ఒకటే. దేవుణ్ణి నమ్ముతున్నారా, సంఘ అధ్యక్షుణ్ణి ప్రవక్తగా అంగీకరిస్తున్నారా, లైంగిక నియమాలు పాటిస్తున్నారా, ఆదాయంలో పదో వంతు చెల్లిస్తున్నారా, మద్యం, పొగాకు, టీ, కాఫీలకు దూరంగా ఉంటున్నారా, ఆలయంలో ఇచ్చిన పవిత్ర లోదుస్తులను చెప్పిన ప్రకారం ధరిస్తున్నారా అని అడుగుతారు. నిజాయితీగా ఉండేందుకు ప్రయత్నిస్తున్నారా, కుటుంబంతో, ఇతరులతో సంఘ బోధల ప్రకారం నడుచుకుంటున్నారా అన్న ప్రశ్నలు కూడా ఉన్నాయి. సంఘం బయటి ఆచారాలనే పట్టించుకుంటుంది, గుణాన్ని పట్టించుకోదు అనడం అందుచేత న్యాయం కాదు.

అయితే ఈ ప్రశ్నలన్నీ ఒక జాతివి కావు. 'కాఫీ తాగుతున్నారా?' అంటే అవును, కాదు అని తేల్చి చెప్పవచ్చు. ఇంట్లోవాళ్ళకు, పక్కింటివాళ్ళకు కూడా దాని జవాబు తెలుసు. 'భార్యతో దయగా ఉంటున్నారా?' అంటే జవాబు చెప్పేవాడే న్యాయమూర్తి. కోపిష్ఠి భర్త కూడా మనస్ఫూర్తిగానే అవునని చెప్పి కార్డు తీసుకోగలడు. కాఫీ తాగే సౌమ్యుడికి ఆ కార్డు దొరకదు. బయటికి వచ్చినవారి విమర్శలో అసలు కీలకం ఇక్కడుంది. కొలవడానికి వీలైన గుణాలు కొలతలో నిలిచాయి. కొలతకు లొంగనివి మెల్లగా వెనక్కి జరిగాయి. కార్డు ఎవరి దగ్గర ఉందో, ఎవరి దగ్గర లేదో వార్డులో అందరికీ ఎలాగోలా తెలిసిపోతుంది. ఫలానా అమ్మాయి పెళ్ళికి ఫలానా బాబాయి లోపలికి ఎందుకు రాలేదు అన్న ఒక్క ప్రశ్న చాలు.

పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలకు కూడా బిషప్‌తో ఇలాంటి సమావేశాలుంటాయి. ఒక గదిలో మూసిన తలుపు వెనక పెద్ద మనిషి పిల్లలను లైంగిక శుచి గురించి ప్రశ్నించడాన్ని టెక్సాస్‌కు చెందిన మాజీ బిషప్ శామ్ యంగ్ బహిరంగంగా వ్యతిరేకించాడు. 2018 మార్చిలో సంఘం నియమం మార్చి, పిల్లలు కోరితే తల్లినో తండ్రినో వేరే పెద్దవారినో పక్కన ఉంచుకోవచ్చంది. అదే ఏడాది సెప్టెంబరులో శామ్ యంగ్‌ను సంఘంనుంచి బహిష్కరించారు.

3. కాఫీ కప్పు కథ

పానీయాల నియమం చరిత్ర ఈ పాఠానికి చాలా పనికొస్తుంది. 1833లో జోసెఫ్ స్మిత్ 'జ్ఞాన వాక్యం' అనే ప్రకటన చేశాడు. ద్రాక్షారసం, ఘాటైన మద్యం, పొగాకు, 'వేడి పానీయాలు' వద్దని అందులో ఉంది. అది ఆజ్ఞ కాదు, హితవు మాత్రమే అని ఆ ప్రకటనే చెప్పుకుంది. తొలితరం మార్మన్లలో చాలామంది దాన్ని అలాగే చూశారు. 1921 నాటికి అది ఆలయ ప్రవేశానికి తప్పనిసరి షరతుగా మారింది.

మాంసాన్ని మితంగా, ముఖ్యంగా చలికాలంలోనూ కరువు రోజుల్లోనూ మాత్రమే తినమని కూడా అదే ప్రకటన చెబుతుంది. మాంసం గురించి మాత్రం సమావేశంలో ఎవరూ అడగరు. వేసవి విందుల్లో మాంసం కాల్చుకు తినే పుణ్యాత్ముడికి ఏ ఇబ్బందీ లేదు. 'వేడి పానీయాలు' అంటే టీ, కాఫీ అని అర్థం స్థిరపడింది. కనుక వేడివేడి చాక్లెట్ పాలు తాగవచ్చు, ఐసు వేసిన చల్లని కాఫీ తాగకూడదు. కెఫీన్ గల కోలాలు తప్పా కాదా అన్న వాదన దశాబ్దాలపాటు నడిచింది. సంఘం తమకు అభ్యంతరం లేదని 2012లో స్పష్టం చేసింది. సంఘం నడిపే బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం ఆవరణలో వాటి అమ్మకం 2017లో మొదలైంది. ఇప్పుడు ఉటా పట్టణాల్లో రకరకాల సిరప్‌లూ క్రీములూ కలిపిన సోడాల దుకాణాల ముందు కార్లు బారులు తీరుతుంటాయి.

దీన్ని చూసి నవ్వుకోవడం తేలిక. ప్రతి మతంలోనూ తినేదీ తాగేదీ గురించి ఇలాంటి వింతలుంటాయి, మన ఇళ్ళలోనూ వెతికితే దొరుకుతాయి. సమాజశాస్త్ర విద్యార్థిగా మీరు గమనించాల్సింది, ఒకే ప్రకటనలోని ఒక వాక్యం సరిహద్దు గీతగా మారి, పక్క వాక్యం మరుగున పడటాన్ని. అమెరికాలో కాఫీ తాగనివాడు అందరిలో ప్రత్యేకంగా కనిపిస్తాడు. మాంసం తక్కువ తినేవాణ్ణి ఎవరూ గుర్తించరు. ఆరోగ్యానికి ఏది ఎక్కువ మేలు అన్న లెక్క ఇక్కడ పనిచేయలేదు. 'మేము', 'వాళ్ళు' అనే తేడాను ఏది ఎక్కువగా చూపిస్తుందో అది నిలిచింది. అలా నిలిచిన గుర్తు కొన్నాళ్ళకు గుణానికి బదులుగా చెలామణీ అవుతుంది. చేతిలో కాఫీ కప్పుతో కనిపించిన బంధువును చూసి 'పాపం, దారి తప్పాడు' అనుకోవడానికి అతడి గురించి ఇంకేమీ తెలియనక్కరలేదు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: సిఫారసు పత్రం సమావేశంలోని ప్రశ్నల్లో బయటివారు సరిచూడగలిగినవి ఏవి? జవాబు చెప్పేవారి మాట మీదే ఆధారపడేవి ఏవి? రెండు వరసలుగా రాసుకోండి.

4. వారి గ్రంథంలోనే ఉన్న విమర్శ

నైతిక ఆధిక్య భావనను ఎండగట్టే కథ ఒకటి స్వయంగా మార్మన్ గ్రంథంలోనే ఉంది. జోరామీయులు అనే ప్రజలు తమ ప్రార్థనా మందిరం నడుమ ఒక ఎత్తైన వేదిక కట్టుకుంటారు. దాని పేరు రామియంప్టమ్. దాని మీద ఒక్కరికే చోటుంటుంది. వారానికొకసారి ఒక్కొక్కరే దాని మీదికెక్కి, చేతులు పైకెత్తి, ఒకే ప్రార్థన చేస్తారు. తమను ఎన్నుకున్నందుకు, మిగతావారిలా తప్పుదారిలో పడేయనందుకు దేవుడికి కృతజ్ఞతలు చెబుతారు. తరవాత ఇంటికి వెళ్ళి మళ్ళీ వారం వరకు దేవుడి మాట ఎత్తరు. ఆ మందిరాలు కట్టడానికి చెమటోడ్చిన పేదలను మాత్రం, బట్టలు ముతకగా ఉన్నాయని, లోపలికి రానివ్వరు.

మార్మన్ పిల్లలందరూ ఆదివారం బడిలో ఈ కథ వింటారు. ప్రతి నెలా మొదటి ఆదివారం వారంతా ఉపవాసముండి, ఆ భోజనాల ఖర్చును పేదల కోసం ఇచ్చి, సభలో ఒక్కొక్కరుగా లేచి తమ విశ్వాసాన్ని ప్రకటిస్తారు. ఈ సంఘం సత్యమైనదని తమకు 'తెలుసు' అని చెప్పడం అక్కడ ఆనవాయితీ. 'నమ్ముతున్నాను' అనడం అరుదు. భూమి మీద తమదొక్కటే దేవుడి నిజమైన సంఘమన్నది వారి మూల బోధల్లో ఒకటి. మూడు నాలుగేళ్ళ పిల్లల్ని కూడా మైకు దగ్గరికి ఎత్తుకెళ్ళి, చెవిలో చెబుతూ ఆ మాటలు పలికించే తల్లిదండ్రులుంటారు.

బయటికి వచ్చినవారు ఈ రెండు దృశ్యాలనూ పక్కపక్కన పెడతారు. ఎత్తైన వేదిక, వంతులవారీగా ఎక్కడం, దాదాపు ఒకే రకం మాటలు, ఎన్నుకోబడ్డామన్న కృతజ్ఞత. తమకు చిన్నప్పుడు చెప్పిన కథలో తామే ఉన్నట్టు తోచిందని వారంటారు. ఈ పోలికలో కొంత అన్యాయం ఉంది, ఎందుకంటే ఆ సభల్లో కన్నీళ్ళతో తమ లోపాలు చెప్పుకునేవారు కూడా ఉంటారు. అయినా పోలిక పదునైనదే. విమర్శకు కావలసిన మాటలు బయటినుంచి అరువు తెచ్చుకున్నవి కావని, ఆ సంఘమే వాళ్ళకు నేర్పిందని అది గుర్తుచేస్తుంది.

5. కపటత్వం ఎవరిది?

'కన్యాశుల్కం' చదివినవారికి కపటత్వం అనగానే గిరీశం గుర్తుకొస్తాడు. వేశ్యా వ్యతిరేకతను బోధిస్తూ మధురవాణి ఇంట్లో ఉండే గిరీశానికి తాను ఏం చేస్తున్నాడో బాగా తెలుసు. శ్రీరంగ నీతులు చెప్పే ఇలాంటి మనుషులు ప్రతి సమాజంలోనూ ఉంటారు, మార్మన్లలోనూ ఉంటారు. వాళ్ళను లెక్కపెట్టడం వల్ల మనకు కొత్తగా తెలిసేదేమీ లేదు. మాజీ సభ్యులు చెప్పే కపటత్వంలో చాలా భాగం ఈ రకం కాదు.

ఇంగ్లీషులో కపటత్వానికి వాడే మాట గ్రీకు భాషలో నాటకంలో వేషం కట్టడాన్ని సూచించే పదం నుంచి వచ్చింది. సమాజశాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1950లలో నిత్యజీవితాన్ని నాటకంతో పోల్చాడు. ప్రతి మనిషికీ ఒక రంగస్థలం, ఒక తెర వెనక భాగం ఉంటాయన్నాడు. అందరూ కొంత నటిస్తారు. అది మోసం కాదు, మర్యాద. మరి రంగస్థలం బిషప్ గది, పక్కింటి వాకిలి, పిల్లల బడి, ఆఫీసు అన్నింటికీ విస్తరిస్తే తెర వెనక చోటు ఎక్కడ మిగులుతుంది? బిషప్ పొరుగువాడే అని ఇంతకుముందు చెప్పుకున్నాం. కొడుకు చదువు మానేశాడనీ, తనకు మానసిక కుంగుబాటు ఉందనీ, నమ్మకం సడలుతోందనీ చెప్పుకోవాలంటే, ఎవరికి చెప్పినా అది రంగస్థలం మీద చెప్పినట్టే అవుతుంది. అందుకని నవ్వు ముఖం పెట్టుకుంటారు. ఎదుటివారూ అదే చేస్తున్నారు కనుక, అందరూ సుఖంగా ఉన్నారని, తామొక్కరమే లోపంతో ఉన్నామని ప్రతి ఒక్కరికీ అనిపిస్తుంది. ఇలా అతిగా ఆదర్శంగా కనిపించేవారికి మార్మన్లే సరదా పేర్లు పెట్టుకున్నారు: అబ్బాయి అయితే 'పీటర్ ప్రీస్ట్‌హుడ్', అమ్మాయి అయితే 'మాలీ మార్మన్'.

ఈ రంగస్థలానికి ఉటాలో అక్షరాలా ఒక తెర కూడా ఉండేది. 2009లో వచ్చిన చట్టం ప్రకారం, కొత్తగా పెట్టే రెస్టారెంట్లలో మద్యం కలిపేది కస్టమర్లకు కనబడకుండా ఒక అడ్డుగోడ ఉండాలి. మద్యం అమ్మవచ్చు, తాగవచ్చు, కలపడం మాత్రం కంటబడకూడదు. జనం దానికి 'జియాన్ తెర' అని పేరు పెట్టారు. 2017లో ఆ నియమాన్ని సడలించారు.

రాబర్ట్ మెర్టన్ చెప్పిన 'ఆచారవాదం' అనే భావనను ఇక్కడ జోడించుకోండి. లక్ష్యం మరుగున పడి, దాన్ని చేరడానికి ఏర్పడిన నియమాలే లక్ష్యమైపోవడం ఆచారవాదం. ఆచారవాది అబద్ధాలకోరు కాడు. నియమం పాటించాడు కనుక తాను మంచివాడినని నిజంగానే నమ్ముతాడు. ఆధిక్య భావన, కపటత్వం కలిసే చోటు ఇదే. తన లోపల ఏముందో చూసుకోవాల్సిన అవసరం అతడికి కనిపించదు, ఎందుకంటే కార్డు జేబులో ఉంది.

6. నమ్మకం పెట్టుబడి అయినప్పుడు

మాక్స్ వెబర్ 1904లో అమెరికాలో పర్యటించి, అక్కడి ప్రొటెస్టెంట్ శాఖల గురించి ఆసక్తికరమైన విషయం రాశాడు. ఒక కఠినమైన శాఖలో సభ్యత్వం దొరికిందంటే, ఆ మనిషి నడవడిని పరీక్షించి ధ్రువీకరించినట్టే. అందువల్ల అపరిచితులు కూడా అతడికి అప్పు ఇస్తారు, అతడితో వ్యాపారం చేస్తారు. వెబర్ మాటలు ప్రధానంగా బాప్టిస్టుల వంటి శాఖల గురించే అయినా, సిఫారసు పత్రం ఉన్న సమాజానికి ఇంకా బాగా అన్వయిస్తాయి.

అరువు దొరికే చోట ఎగవేత కూడా ఉంటుంది. ఒకే మతంవారన్న నమ్మకాన్ని వాడుకొని తోటి సభ్యుల పొదుపు కాజేసే మోసాలకు ఉటా పేరుమోసింది. వార్డులో పరిచయం, ఒకే సంఘంలో సేవ చేసిన జ్ఞాపకం, మాటల మధ్య విశ్వాస ప్రకటన ఉంటే చాలు, చాలామందికి కాగితాలు చూడాలన్న ఆలోచన రాదు. ఆర్థిక నేరాలకు శిక్ష పడినవారి వివరాలను ప్రజలు చూడగలిగే రిజిస్టరును ఏర్పాటు చేస్తూ ఉటా 2015లో చట్టం చేసింది. అమెరికాలో అలాంటి చట్టం అదే మొదటిది. రిటైరయిన దంపతుల జీవితకాలపు పొదుపు పోయిందంటే, మనం చర్చిస్తున్నది పుస్తకాల్లోని భావన మాత్రమే కాదని అర్థమవుతుంది.

ఇక సంఘం సంగతి. 2023 ఫిబ్రవరిలో అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ, సంఘం మీద 10 లక్షల డాలర్లు, సంఘం పెట్టుబడులను చూసే ఎన్‌సైన్ పీక్ అనే సంస్థ మీద 40 లక్షల డాలర్లు జరిమానా విధించింది. 2018 నాటికి దాదాపు 3,200 కోట్ల డాలర్లకు చేరిన వాటాలు ఎవరివో బయటపడకుండా, పేరుకు మాత్రమే ఉన్న 13 కంపెనీల ద్వారా వివరాలు దాఖలు చేశారన్నది అభియోగం. నిధి ఎంత పెద్దదో తెలిస్తే ప్రతికూల ఫలితాలుంటాయన్న ఆందోళనే దీనికి కారణమని ఆ సంస్థ పేర్కొంది. సంఘం పొరపాట్లకు విచారం వ్యక్తం చేసి, వ్యవహారం ముగిసిందని ప్రకటించింది. జరిమానా వారికి పెద్ద మొత్తం కాదు. కానీ ఏటా బిషప్ ఎదుట కూర్చుని, పదో వంతు పూర్తిగా ఇచ్చానని చెప్పుకున్న సభ్యుడి వైపు నుంచి చూడండి. 'నిజాయితీగా ఉన్నావా?' అని తనను అడిగిన సంస్థను అదే ప్రశ్న అడిగేవారు లేరన్నది బయటికి వచ్చినవారిలో చాలామంది ప్రస్తావించే విషయం.

చరిత్ర విషయంలోనూ ఇలాంటి గాయమే ఉంది. జోసెఫ్ స్మిత్ బహుభార్యాత్వం గురించి చదివి అడిగిన సభ్యులకు ఏళ్ళ తరబడి అవి శత్రువుల ప్రచారాలన్న జవాబు ఎదురయ్యేది. 2014లో సంఘమే ప్రచురించిన వ్యాసంలో, అతడికి 30 నుంచి 40 మంది భార్యలు ఉండి ఉండవచ్చని, వారిలో ఒకరికి పెళ్ళి నాటికి ఇంకా 15 ఏళ్ళు నిండలేదని, అప్పట్లో బహిరంగంగా ఆచితూచి ఖండనలు చేశారని అంగీకరించింది. చాలామందిని కలతపెట్టింది ఆ పెళ్ళిళ్ళకంటే, నిజం అడిగినందుకు తమను బలహీన విశ్వాసులుగా చూసిన తీరు.

7. పెళ్ళి గది బయట

మాజీ సభ్యుల కథనాల్లో పదేపదే వచ్చే ఒక దృశ్యం ఉంది. ఆలయ వివాహానికి కార్డు ఉన్నవారే లోపలికి వెళ్ళగలరు. సంఘాన్ని వీడిన తల్లి, వేరే మతానికి చెందిన తండ్రి, ఇంకా ఆ దశకు రాని చెల్లెలు బయట నిరీక్షణ గదిలో కూర్చోవాలి. కూతురి పెళ్ళి ఒక గోడ అవతల జరుగుతుంటే తల్లి గోడ ఇవతల ఉంటుంది. ముందు అందరి ఎదుటా చట్టబద్ధంగా పెళ్ళి చేసుకొని తరవాత ఆలయానికి వెళ్ళవచ్చు కదా అంటారేమో. అమెరికాలో అలా చేస్తే ఆలయ వివాహం కోసం ఏడాది ఆగాలన్న నియమం ఉండేది. ఏడాది ఆగిన జంటను చూసి వార్డులో గుసగుసలు ఎలా ఉంటాయో ఊహించండి. అందుకే చాలామంది తల్లిని బయట కూర్చోబెట్టడానికే సిద్ధపడ్డారు. 2019 మేలో సంఘం ఆ నిరీక్షణను తీసేసింది. చాలా దేశాల్లో, చట్టం కోరింది కనుక, ముందే పౌర వివాహం జరిపించి వెంటనే ఆలయానికి వెళ్ళనిచ్చేవారు. అంటే ఆ ఏడాది ఆగడం దైవశాస్త్రపరంగా తప్పనిసరి కాదన్నమాట. ఇన్నేళ్ళూ గోడ ఇవతల కూర్చున్న తల్లులకు ఇది ఊరటో, కోపమో చెప్పడం కష్టం.

బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం ఉదంతం ఇంకా గంభీరమైనది. అక్కడి విద్యార్థులు దుస్తులు, మద్యం, ఆడామగా కలిసే వేళలు వంటి వాటిపై ప్రవర్తనా నియమావళికి కట్టుబడాలి. లైంగిక దాడికి గురై ఫిర్యాదు చేసిన విద్యార్థినులనే, ఆ సమయంలో వాళ్ళు నియమావళి ఉల్లంఘించారా అన్న కోణంలో విచారించినట్టు 2016లో వెలుగులోకి వచ్చింది. 'సాల్ట్ లేక్ ట్రిబ్యూన్' పత్రిక ఈ విషయంపై రాసిన కథనాలకు 2017లో పులిట్జర్ బహుమతి లభించింది. బాధితులకు నియమావళి చర్యల నుంచి మినహాయింపు ఇవ్వడానికి విశ్వవిద్యాలయం అంగీకరించింది. శీలాన్ని కాపాడటానికి పెట్టిన నియమం, శీలం మీద దాడి జరిగిన మనిషి నోరు మూయించడం ఆచారవాదానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: పై రెండు ఉదాహరణల్లో ఎవరైనా వ్యక్తిగతంగా మోసం చేశారా? చేయకపోతే నష్టం ఎలా జరిగింది?

8. వీడినవారి సాక్ష్యాన్ని తూచడం

ఇంతవరకు ఎక్కువగా బయటికి వచ్చినవారి కళ్ళతో చూశాం. ఆ కళ్ళకూ ఒక స్థానం ఉంటుంది. బ్రిటిష్ సమాజశాస్త్రవేత్త బ్రయాన్ విల్సన్, మతాన్ని వీడినవారి కథనాలను జాగ్రత్తగా వాడాలని హెచ్చరించాడు. వారికి తమ నిష్క్రమణను సమర్థించుకోవాల్సిన అవసరం ఉంటుంది; గతాన్ని ఇప్పటి అవగాహనతో తిరగరాసుకునే వీలుంటుంది. పైగా ఆధిక్య భావనకు మతం అక్కరలేదు. 'మేము కళ్ళు తెరిచాం, వాళ్ళింకా నిద్రలోనే ఉన్నారు' అని లోపల మిగిలిన అక్కాచెల్లెళ్ళ గురించి మాట్లాడే మాజీ సభ్యుడు వేదిక మార్చాడే తప్ప దిగలేదు.

ఒకప్పుడు కేథలిక్ సన్యాసినిగా ఉండి తరవాత సమాజశాస్త్రవేత్త అయిన హెలెన్ ఈబా, 1988లో ప్రచురించిన గ్రంథంలో ఇంకో కోణం చూపింది. మాజీ సన్యాసినులు, మాజీ వైద్యులు, విడాకులు తీసుకున్నవారు, ఇలా ఒక పాత్రను వదిలినవారినందరినీ పరిశీలించి, 'మాజీ' అన్నది కూడా ఒక పాత్రేనని, పాత గుర్తింపు కొత్త జీవితంలో కొనసాగుతూనే ఉంటుందని చెప్పింది. మార్మన్ సమాజాన్ని వీడినవారికి ఇది బాగా వర్తిస్తుంది. మొదటి కాఫీ కప్పు తాగిన రోజును పండగలా గుర్తుపెట్టుకునేవారున్నారు. కొలత నుంచి విముక్తి పొందామంటూనే ఆ కొలతతోనే స్వేచ్ఛను కొలుచుకోవడం కదా ఇది. అలాగే, ప్రసవమైన ఇంటికి వరసగా భోజనాలు పంపే ఆడవాళ్ళను, ఇల్లు మారేరోజు పిలవకుండానే వచ్చే యువకులను తలుచుకొని బాధపడేవారూ చాలామందే.

సంఘం వైపు నుంచి వినిపించే వివరణకు కూడా ఇదే కొలబద్ద వాడాలి. ఎవరైనా వెళ్ళిపోతే, వాళ్ళ మనసు నొచ్చుకుందనో, పాపం చేయాలనుకున్నారనో, బద్ధకించారనో అనుకోవడం వార్డుల్లో పరిపాటి. ఆ ఊహ అంత సరళం కాదని సంఘ అగ్రనాయకుల్లో ఒకరైన డీటర్ ఉక్‌డోర్ఫ్ 2013లో బహిరంగ సభలోనే చెప్పాడు. ఇతరులను తీర్పు తీర్చే అలవాటు మానుకొమ్మని అంతకు ముందు ఏడాది కూడా ఆయన ప్రసంగించాడు. స్వయంగా సంఘ సభ్యురాలైన జానా రీస్ 2019లో ప్రచురించిన సర్వే ఆధారిత గ్రంథంలో, వెళ్ళిపోయినవారు చెప్పిన కారణాల్లో తమ విలువలు సంఘం విలువలతో పొసగకపోవడం, నాయకులు నిజం చెబుతారన్న నమ్మకం పోవడం, తమను తీర్పు తీరుస్తున్నట్టు అనిపించడం ప్రముఖంగా ఉన్నాయి. లోపలివారూ బయటివారూ వేరువేరు దారుల్లో ఒకే విషయం చెబుతుంటే దాని విలువ పెరుగుతుంది. సాక్ష్యాన్ని సరిచూసే పద్ధతుల్లో ఇది ముఖ్యమైనది.

9. ఉటాకు బయట

హైదరాబాదులో కూడా మార్మన్ సంఘం ఉంది. 2012లో అక్కడ స్టేక్ ఏర్పడింది. బెంగళూరులో ఆలయం నిర్మిస్తామని 2018లో ప్రకటించారు. ఈ పాఠంలో చెప్పిన విమర్శలను యథాతథంగా ఇక్కడి సభ్యులకు అంటగట్టడం పొరపాటు. ఉటాలో మార్మన్ అంటే ఊళ్ళో పెద్దమనిషి. చట్టసభలో, వ్యాపారంలో, బడిలో తనవాళ్ళే ఎక్కువ. హైదరాబాదులో మార్మన్ అంటే క్రైస్తవులకు కూడా సరిగ్గా తెలియని చిన్న గుంపులో ఒకరు. చుట్టాలింటికి వెళితే ముందుగా వచ్చేది టీ గ్లాసు. అది వద్దంటే ఆధిక్యం చూపినట్టు కాదు, సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన అవస్థ. ఉటాలో మెప్పు తెచ్చే నియమమే ఇక్కడ మొహమాటం తెస్తుంది. అమెరికాలో కూడా ఈ తేడా ఉంది. ఇతర రాష్ట్రాల్లో అల్పసంఖ్యాకులుగా పెరిగిన మార్మన్లే 'ఉటా మార్మన్' అన్న మాటను కొంచెం ఎత్తిపొడుపుగా వాడుతుంటారు.

అభ్యాసం

1. ఆచారవాదం అంటే ఏమిటి? 'జ్ఞాన వాక్యం' చరిత్ర ఆధారంగా వివరించండి.

2. మీకు బాగా తెలిసిన ఒక సమూహాన్ని తీసుకోండి. అది మతమే కానక్కరలేదు. ఉద్యోగ సంఘం, కళాశాల, పార్టీ ఏదైనా సరే. అక్కడ మంచివారిని గుర్తించడానికి వాడే బయటి గుర్తులు ఏవి? ఆ గుర్తులకు అందని మంచితనం ఏది? రెండు పుటలు రాసి, అధ్యయన కేంద్రంలో జరిగే సంపర్క తరగతికి తీసుకురండి.